కుక్క కేసుకి సీలు పడింది

టర్టిల్ బెండ్, ఒహాయో
ఏప్రిల్ నెలాఖరు, ఆదివారం

నా చిట్టితల్లి కెల్సీకి,

నాన్న ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ, నీ కూతురు జూనీ, రెండు పిల్లులూ, పక్కింటి వెర్నా అందరమూ కులాసా. నువ్వూ, నీ ఓడా, ఆ ఓడని మోస్తున్న సముద్రమూ కూడా కులాసాగానే ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం గురువారం అందింది. జూనీకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి తనే చదువుతానని లాక్కుని, తెలిసిన మాటలు చదివి, తెలియనివి కల్పించుకుంది. అది కల్పించిన ఉత్తరంలో నీ ఓడలో ఒక గుర్రం కూడా ఉంది.

నువ్వడిగినవి ముందు చెప్పేస్తాను. జూనీ పై పన్ను ఊడింది. అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెట్టి, మొక్కజొన్న రొట్టెలోంచి బయటికి తీసింది. తిండి బాగానే తింటోంది, ఒక్క బీన్సు తప్ప. "మా అమ్మకి ఓడలో బీన్సు పెట్టరు, నాకెందుకు?" అంటుంది. పెడతారని నువ్వే ఒక ముక్క రాయి. ట్రక్కు బ్రేకులు బాగుచేయించాను. నా మోకాలు వానొచ్చే ముందు చెబుతుంది, అంతకుమించి బాధ లేదు. చర్చిలో అడవి ఉల్లి విందు జరిగింది. జూనీ మూడు పళ్ళేలు లాగించింది. మర్నాడు క్లాసులో దాని నోటి ఉల్లి వాసనకి టీచరు కిటికీలన్నీ తెరిపించి, చలికి పిల్లలందరికీ కోట్లు తొడిగించి పాఠం చెప్పిందట. నువ్వూ చిన్నప్పుడు ఇంతే. నీకు గుర్తుండదు గానీ నాకుంది.

ఇక నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. "జూనీ బడివాళ్ళు వసంతంలో చేపపిల్లల కేంద్రానికి తీసుకెళ్తారు కదా, నువ్వు వెళ్ళవని తెలుసు నాన్నా, వెర్నాని అడుగు, తను వెళ్తుంది" అని. అందులో ఎత్తిపొడుపు లేదు. బ్రేకుల గురించి అడిగినంత మామూలుగా అడిగావు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ మాటకి సమాధానం చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. కుర్చీ ఉంటే కూర్చో. లేకపోతే, ఓడలో దేనిమీద కూర్చుంటారో దాని మీద కూర్చో.

జనవరిలో ఒకరోజు జూనీ బస్సు దిగుతూనే చెప్పింది.

"తాతా, చేపల దగ్గరికి నువ్వే వస్తున్నావు. క్లాసులో చెప్పేశా."

"నన్నడక్కుండానే?"

"అడిగితే వద్దంటావుగా!"

ఎవరు చెప్పారు దానికి నేను వద్దంటానని? ఎవరూ చెప్పలేదు. క్రిస్మస్ పాటలకీ వద్దన్నాను, గుమ్మడికాయల తోటకీ వద్దన్నాను. ఆరేళ్ళది కూడా లెక్క కట్టేసింది. బడి ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి, మిస్ క్రౌచ్, చాలా మర్యాదగా చెప్పింది. "పిల్లల బస్సు ఎక్కే పెద్దవాళ్ళెవరికైనా ఇది తప్పదండీ. పెద్ద పనేం కాదు, పాత కేసులేమైనా ఉన్నాయేమోనని కంప్యూటర్లో పేరు కొట్టి చూస్తాం, అంతే."

పేరు కొడితే ఏం వస్తుందో నాకు తెలుసు. నీకు తెలియదు. ముప్పై ఏళ్ళు దాటిన సంగతి ఇది, నీకు చెప్పకుండా దాటవేస్తూనే వచ్చాను. కెల్, మీ నాన్నని ఒకసారి అరెస్టు చేశారు. ఇల్లు దోపిడీ అని రాశారు.

కంగారు పడకు. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను.

మా అమ్మ ఐరీన్, అంటే నువ్వు చూడని నీ నానమ్మ, నా ఇరవై రెండో ఏట పోయింది. మా నాన్న పోయాక ఆమె రెండో పెళ్ళి చేసుకుందని నీకు తెలుసు. ఆయన పేరు గ్రోవర్ హేన్స్. ఆ పేరు మన ఇంట్లో వినపడకుండా పెంచాను నిన్ను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయనా నేనూ ఒకే బల్ల దగ్గర తిన్నాం గానీ ఒకే మాట మీద ఎన్నడూ నిలబడలేదు. సమాధి మీద మట్టి ఆరకముందే పోట్లాడుకున్నాం. దేనికో కూడా గుర్తులేదు. ఆయన తాళాలు మార్చి, "ఈ గడప తొక్కావంటే చూడు" అన్నాడు. నేను పనిచేసే కలప మిల్లు దగ్గర ఒక గదిలో చేరాను.

ఆ ఇంట్లో నా కుక్క ఉండిపోయింది. టగ్ దాని పేరు. గోధుమరంగు, ఒక చెవి నిలబడేది, ఒకటి వాలేది. పిల్లగా ఉన్నప్పుడు నేనే తెచ్చి అమ్మకి తోడుగా ఉంచాను. నీ చిన్నప్పటి ఫోటోల్లో నీ ఉయ్యాల కింద పడుకుని ఉంటుందే, అదే. ఒకరోజు ఆ దారిన పోతూ కిటికీలో దాన్ని చూశాను. పక్కటెముకలు లెక్కపెట్టేట్టున్నాయి. తలుపు కొట్టాను. ఎవరూ పలకలేదు. వంటింటి కిటికీ గడియ ఏనాడూ సరిగా పడేది కాదు. చిన్నప్పుడు ఆలస్యంగా వచ్చిన ప్రతిసారీ అందులోంచే దూరేవాణ్ణి. ఆ రోజూ అలాగే దూరాను. టగ్ నా మీదికి దూకి నాలుకతో మొహమంతా కడిగేసింది. ఇద్దరం ముందు తలుపు తీసుకుని దర్జాగా బయటికి నడిచాం. ఇంకేమీ ముట్టుకోలేదు. అమ్మ టీ కప్పు ఒకటి తెచ్చుకుందామనిపించింది, అది కూడా తేలేదు.

మర్నాడు షెరిఫ్ మనిషి మిల్లుకొచ్చాడు. టగ్ చెక్క పలకల దొంతి మీద పడుకుని ఎండ కాగుతోంది.

"ఈ కుక్క నీదేనా?"

"అవునండీ."

"గ్రోవర్ తనదంటున్నాడు."

"కుక్కనే అడగండి."

నవ్వాడు, మంచివాడే. "కుక్క సాక్ష్యం చెల్లదు బాబూ. కిటికీలోంచి దూరావా లేదా, అది చెప్పు."

"దూరాను."

బేడీలు వేసి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టాడు. టగ్‌ని వదిలిపెట్టలేక ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. ఊరంతా చూసింది, కుక్క ముందు, నేను వెనక. శని, ఆదివారాలు జైల్లో ఉన్నాను. ఫోటో తీశారు, వేళ్ళు సిరాలో ముంచారు. కొన్ని వారాలకి ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఎవరికో తట్టింది, కుక్క లైసెన్సు ఎవరి పేర ఉందో చూద్దామని. నా పేరనే ఉంది, అదే కోర్టు భవనంలో, పై అంతస్తులో. "కేసు కొట్టేశాం, ఇంటికి పో" అన్నారు. పోయాను. అయిపోయిందనుకున్నాను.

కేసు పోయింది గానీ రికార్డు పోలేదు తల్లీ. అరెస్టయిన వారం పత్రికలో నా పేరు వేశారు. కొట్టేసిన వారం వెయ్యలేదు. అప్పట్లో ఆ పాత కాగితం చూడాలంటే కోర్టుకి వెళ్ళి, గుమస్తాని బతిమాలి, దుమ్ము దులిపించాలి. అంత ఓపిక ఎవరికుంటుంది? తర్వాత కౌంటీవాళ్ళు పాతవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. ఇక ఎవరైనా వంటింట్లో కూర్చుని నా పేరు కొట్టుకోవచ్చు. ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు ఆ ఫోటోలన్నీ తవ్వి తీసి వేరే సైట్లలో పెట్టారు. నీళ్ళ ప్లాంటులో ఉద్యోగం చేతికందాక తప్పిపోయింది, గుర్తుందా? నువ్వు అప్పటికే కేకు కూడా చేశావు. తలుపు మూసేవాళ్ళెవరూ కారణం చెప్పరు. "వేరేవాళ్ళని తీసుకున్నాం" అంటారు, అంతే.

మీ అమ్మకి మాత్రం పెళ్ళికి ముందే చెప్పాను. రోండా కడుపు పట్టుకుని నవ్వింది. "కుక్క కోసం జైలుకెళ్ళినవాడివి, నా కోసం ఎంత దూరం వెళ్తావో!" అంది. తను ఉండి ఉంటే నీకు నవ్వుతూనే చెప్పి ఉండేది. నీ ఏడో ఏట తను పోయాక, నాకు ఆ నవ్వు చేతకాలేదు.

సరే, జనవరి సంగతికొస్తాను. కోర్టు కింది అంతస్తులో జనం చూసుకోవడానికి ఒక కంప్యూటరు పెట్టారు. నా పేరు కొడితే నిజంగా ఏం కనపడుతుందో చూద్దామని వెళ్ళాను. వెళ్ళేసరికి అక్కడ కళ్ళద్దాలు ముక్కు చివరకి జార్చుకుని మన వెర్నా కూర్చుని ఉంది!

"ఏమయ్యా ఓరిన్, నువ్వూ అల్లుడి వేటకేనా?"

"నీకు అల్లుడెక్కడున్నాడు?"

"కాబోయేవాడు. మా ట్రూడీ ఎవణ్ణో పట్టుకొచ్చింది. పళ్ళు బాగున్నాయి. పళ్ళు చూసి పిల్లనిస్తామా? ఇటు చూడు." తెర నా వైపు తిప్పింది. ఆ పళ్ళవాడు ఇదివరకటి ఇద్దరు పెళ్ళాలనీ కొట్టి శిక్ష పడినవాడు. "ఇది లేకపోతే మా పిల్ల గతేంటి చెప్పు."

ఏం చెప్పను? నిజమే. ఆ కంప్యూటర్ని ఏళ్ళ తరబడి తిట్టుకున్నాను. దాని ముందు ట్రూడీ తల్లి కూర్చుని ఉంటే తిట్టడానికి నోరు రాలేదు.

వెర్నా లేచి కుర్చీ చూపించింది. "రా, నీ పని చూసుకో."

"నాకేం పనిలేదు, ఊరికే వచ్చా."

"ఊరికేనా? నీది నేనెప్పుడో చూశాలే."

"ఏం చూశావు?"

"పక్కింట్లో దిగినవాడి పేరు కొట్టకుండా ఉంటానా? 'ఇల్లు దోపిడీ' అని ఉంది. నెల రోజులు తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నా. తర్వాత నువ్వొచ్చి అడక్కుండానే నా చూరు కాలవలు బాగుచేసిపెట్టావు. కుర్చీ తీసేశా."

"నన్నే అడగొచ్చుగా వెర్నా!"

"దొంగని అడిగితే నిజం చెబుతాడా?"

అక్కడే నిలబడి టగ్ సంగతంతా చెప్పాను. మీ అమ్మ తర్వాత నా నోటి నుంచి విన్న మొదటి మనిషి వెర్నానే. ఆవిడ నోరు మూసుకుని వినడం కూడా నేను మొదటిసారి చూశాను. అంతా విని, మళ్ళీ కూర్చుని, నా పేరు కొట్టి, ఆ రెండు వరసలూ వేలు పెట్టి చదివింది. "ఇందులో కుక్క మాటే లేదు కదయ్యా" అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత, "మా తమ్ముడి కొడుక్కి ఇలాంటిదే ఉంటే మూయించారు. శనివారాలు లైబ్రరీకి ఒక లాయరమ్మ వస్తుంది. ఈ శనివారం నువ్వెళ్ళకపోతే నేనే చెవి పట్టి తీసుకెళ్తా" అంది.

చెవి పట్టించుకోకుండానే వెళ్ళాను. లాయరమ్మ పేరు లారెల్ కిమ్మెల్. నీ వయసుంటుంది. డబ్బులేనివాళ్ళకి ఊరికే సాయం చేసే ఆఫీసు నుంచి వస్తుంది. పిల్లల కథల పుస్తకాల మధ్య చిన్న కుర్చీల్లో కూర్చున్నాం, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా.

"కేసు ఎప్పుడు కొట్టేశారు?"

"ముప్పై ఏళ్ళు దాటిందమ్మా."

"శిక్షే పడలేదు. ఎప్పుడైనా వచ్చి సీలు వేయమని అడగొచ్చు మీరు. ఇన్నాళ్ళూ ఎందుకు ఆగారు?"

"అడగొచ్చని తెలీదు. తెలిసినా, అడగాలంటే ముందు చెప్పుకోవాలిగా."

ఆమె తల ఊపింది. చాలామంది ఇదే చెబుతారట. సీలు వేయడమంటే చింపేయడం కాదని వివరించింది. కాగితం ఉంటుంది, గదికి తలుపేస్తారు. కోర్టుకీ, పోలీసులకీ, చట్టం పేరు చెప్పిన కొద్దిమందికీ తాళంచెవి ఉంటుంది. ఊరివాళ్ళకి కనపడదు. కేసు కొట్టేసిన కాగితం నకలు తెచ్చుకోవాలి, కోర్టులో అర్జీ పెట్టాలి, అది ప్రాసిక్యూటర్‌కి వెళ్తుంది, ఆ తర్వాత జడ్జి ఒకరోజు పిలుస్తారు. "కొన్ని వారాలు పడుతుంది, చేపలు పారిపోవులెండి" అంది. జూనీ సంగతి చెప్పానులే.

ఏప్రిల్ మొదట్లో పిలిచారు. నువ్వు కొనిచ్చిన నీలం చొక్కా వేసుకున్నాను. జడ్జి నెరిసిన జుట్టు ఆవిడ, చూపు చురుగ్గా ఉంది. ప్రాసిక్యూటర్ తరఫున కుర్రాడొకడు లేచి, "మాకు అభ్యంతరం లేదు. కానీ మేం కబురు పెడితే అప్పటి ఫిర్యాదుదారు వచ్చారు. మాట్లాడతారట" అన్నాడు.

వెనక తలుపు తెరుచుకుంది. చేతులానించి నడిచే వాకర్ తోసుకుంటూ, పక్కన వృద్ధాశ్రమం నర్సు పిల్లతో, గ్రోవర్ లోపలికొచ్చాడు.

ఆయన బతికున్నాడని తెలుసు. పదిమైళ్ళ దూరంలోనే ఉంటున్నాడనీ తెలుసు. ఎదురుపడకుండా ముప్పై ఏళ్ళు గడిపాం, అదీ ఈ చిన్న కౌంటీలో! సంతలో ఆయన ట్రక్కు కనపడితే నేను వేరే దారి పట్టేవాణ్ణి. మనిషి సగమైపోయాడు. వచ్చాడు, చివరిసారి కూడా చెడగొట్టడానికి వచ్చాడు అనుకున్నాను. లారెల్ నా మోచేతి మీద చెయ్యి వేసి అదిమింది.

"జడ్జిగారమ్మా, నాకు చెవులు వినపడవు. అరిచి మాట్లాడతాను, తిట్టాననుకోకండి" అని మొదలుపెట్టాడు. "ఆ కుక్కంటే నాకెప్పుడూ పడేది కాదు. నా బూట్లు నమిలేది."

వెనక ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. "మరి ఫిర్యాదు ఎందుకిచ్చారు?"

ఆయనకి వినపడలేదేమోనని నర్సు పిల్ల చెవిలో మళ్ళీ చెప్పబోయింది. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఐరీన్ పోయాక ఆ ఇంట్లో కదిలేది అదొక్కటే. సాయంత్రమైతే తలుపు దగ్గర కూర్చునేది, ఆవిడొస్తుందని. నేనూ దాని పక్కనే కూర్చునేవాణ్ణి. ఇద్దరం చూసేవాళ్ళం. వీడొచ్చి దాన్ని పట్టుకుపోయాడు. ఇక నేనొక్కణ్ణే చూడాల్సొచ్చింది."

కెల్, నేను నోరు మూసుకుని ఉండాల్సింది. మూసుకోలేకపోయాను. "దానికి తిండి పెట్టలేదు నువ్వు! ఎముకలు తేలిపోయి ఉంది!" అన్నాను.

"మిస్టర్ టాల్బట్!" అన్నారు జడ్జి.

గ్రోవర్ నా వైపు తిరిగాడు. ఆ మాట మాత్రం ఎలా వినపడిందో. "నేనే తినలేదురా, దానికేం పెడతాను?" అన్నాడు.

అరుపు కాదు, మామూలు గొంతే. ఆ రోజు కిటికీలోంచి కుక్కని చూశాను గానీ, ఆ ఇంట్లో మనిషెలా ఉన్నాడో చూడాలని నాకు తోచలేదు. ఇరవై రెండేళ్ళవాణ్ణి. అమ్మ పోయింది నాకొక్కడికే అనుకున్నాను.

ఆయన ఇంకా చెప్పాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుందామని కోర్టుకి వచ్చాడట. అప్పటికే కేసు కొట్టేశారని చెబితే, పీడా పోయిందని ఇంటికెళ్ళిపోయాడట. "ఇంకా కంప్యూటర్లో ఉందని ఈమధ్య ఈ పిల్ల చూపించింది. ఫోటో కూడా ఉంది. వీడు అందులో అచ్చం ఐరీన్‌లా ఉన్నాడు. మూసేయండమ్మా. ఆవిడ మొహం అలా జైలు గోడ ముందు ఉండటం బాగాలేదు."

జడ్జి కాసేపు కాగితాలు చూశారు. "ఎవరి మీద ఏ కేసుందో తెలుసుకునే హక్కు జనానికి ఉంది, ఉండాలి కూడా. కానీ ఈ కాగితం వాళ్ళకి నిజం చెప్పడం లేదు, భయమొకటే చెబుతోంది. సీలు వేయమని ఆదేశిస్తున్నాను" అన్నారు. సంతకం పెట్టారు. తరవాతి కేసు పిలిచారు. ముప్పై ఏళ్ళ బరువు దిగడానికి కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

బయట వరండాలో గ్రోవర్ బెంచీ మీద కూర్చుని ఆయాసపడుతున్నాడు. దాటి వెళ్ళిపోదామనుకున్నాను. కాళ్ళు వెళ్ళలేదు.

"ఎన్నాళ్ళు బతికిందిరా అది?" అని అడిగాడు.

"చాలా ఏళ్ళు. మా అమ్మాయి పుట్టాక కూడా ఉంది. ఉయ్యాల కింద పడుకుని ఎవర్నీ దగ్గరికి రానిచ్చేది కాదు."

"నీకో అమ్మాయుందా?"

"ఉంది. నేవీలో. ఇప్పుడు సముద్రం మీద ఉంది."

"ఐరీన్ మనవరాలు సముద్రం మీద!" అని తనలో తనే అనుకున్నాడు. "ఆవిడకి నీళ్ళంటే భయం. స్నానాల తొట్టి కూడా సగమే నింపుకునేది."

నాకు అది తెలియదు కెల్. మా అమ్మ గురించి నాకు తెలియని సంగతి ఒకటి ఆయన దగ్గరుంది. ఇంకా ఎన్నున్నాయో. నర్సు పిల్లని అడిగి, కోర్టు ఎదుటి హోటల్‌కి తీసుకెళ్ళాను. ఆపిల్ గుజ్జు కూరి కాల్చిన 'ఆపిల్ పై' తెప్పించాను. పైపొర అంతా వదిలేసి లోపలి గుజ్జు తిన్నాడు. ఆయన్ని నేను క్షమించానని నీకు రాయను, ఇంకా తేల్చుకోలేదు. కానీ బుధవారాలు వెళ్తున్నాను. పోయిన బుధవారం జూనీని కూడా తీసుకెళ్ళాను. "నువ్వు మా తాతకి ఏమవుతావు?" అని నిలదీసింది. ఆయన ఆలోచించి, "కుక్క వైపు చుట్టాన్ని" అన్నాడు. జూనీకి ఆ సమాధానం సరిపోయింది.

పూర్తిగా అంతా చెరిగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కోర్టు తన గది తలుపేసింది గానీ, ముందే తవ్వుకుపోయిన సైట్లవాళ్ళ దగ్గర ఫోటో ఉండిపోయింది. లారెల్ వాళ్ళకి ఆదేశం నకలు పంపుతోంది. ఒకళ్ళు తీసేశారు, ఇంకొకళ్ళు పలకడం లేదు. చల్లిన ఆవాలు ఏరినట్టుంది పని. ఏరుతున్నాం.

పదిరోజుల కిందట బడి నుంచి మిస్ క్రౌచ్ ఫోన్ చేసింది. "మిస్టర్ టాల్బట్, మీ పేరు కొట్టి చూశాం. ఏమీ రాలేదండీ. మంగళవారం ఎనిమిదికి బస్సు దగ్గరుండండి" అంది. ఆవిడకది రోజూ చెప్పే మాట. నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో కాసేపు నిలబడిపోయాను. పొయ్యి మీద గుడ్లు మాడాయి.

మంగళవారం వెళ్ళాను. జూనీ నన్ను టీచరుకీ, డ్రైవరుకీ, అప్పటికే నన్ను ఎరిగినవాళ్ళకీ కూడా పరిచయం చేసింది. "ఈయన మా తాత. వచ్చాడు" అని. "వచ్చాడు" అన్న మాట ప్రతిసారీ గట్టిగా అంది. బస్సులో నా పక్కనే కూర్చుని, దారంతా నా వేలొకటి వదల్లేదు. తొట్టెల్లో చేపపిల్లలు జీలకర్ర గింజలంత ఉన్నాయి. మేత చల్లితే నీళ్ళు ఉడికినట్టయ్యాయి. ఆ పిల్ల మొహం చూస్తుంటే నాకు మాత్రం వేరే మొహం కనపడింది.

ఇక అసలు మాట. నీ ఐదో తరగతిలో పిల్లల్ని కొలంబస్ తీసుకెళ్ళారు, చట్టసభ భవనం చూపించడానికి. అమ్మలేని పిల్లవి. తక్కినవాళ్ళందరికీ ఎవరో ఒకరు వచ్చారు. నాకు మిల్లులో షిఫ్టుందని నీకు చెప్పాను. ఆ రోజు నాకు షిఫ్టు లేదు తల్లీ. సెలవు పెట్టాను. ఇద్దరికీ భోజనం కట్టుకుని బడికి కూడా వచ్చాను. నువ్వప్పటికే బస్సెక్కావు. ఆఫీసులో ఆవిడ తెర చూసి, గొంతు తగ్గించి, "మిమ్మల్ని పంపలేమండీ" అంది. ఎందుకని నేనడగలేదు. తలూపి వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాను. మిల్లుకి పోవడానికి మొహం చెల్లలేదు. సాయంత్రం నువ్వొచ్చే దాకా ఏటి ఒడ్డున ట్రక్కులో కూర్చున్నాను. ఆ వారం నువ్వు ఫోన్లో నీ స్నేహితురాలితో అంటుంటే విన్నాను, "మా నాన్నకి నా సంగతులేవీ పట్టవే" అని. అప్పుడైనా చెప్పాల్సింది. నువ్వు నన్ను దొంగ అనుకోవడం కంటే పట్టనివాడు అనుకోవడమే నయం అనిపించింది. ఆ తర్వాత నువ్వు, పెద్దవాళ్ళు రావాలని బడివాళ్ళు పంపే కాగితాలు ఇంటికి తేవడమే మానేశావు.

ఇకమీదట ఈ అరెస్టు గురించి ఎవరైనా అడిగితే "లేదు" అనొచ్చని, చట్టం ప్రకారం అది అబద్ధం కాదని లారెల్ చెప్పింది. ఊళ్ళోవాళ్ళకి అలాగే చెబుతాను. నీకు మాత్రం "లేదు" అని చెప్పబుద్ధి కాలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

కోపం వస్తే రానీ. ఇన్నేళ్ళూ నేను రాలేదని కోపం తెచ్చుకున్నావు, అది నాకు దక్కాల్సిన కోపం కాదు. చెప్పలేదని తెచ్చుకో, అది న్యాయం. బారెడు ఉత్తరం రాసి తిట్టు. జూనీకి చదివి వినిపించనులే. నువ్వు రేవులో దిగే రోజున జూనీతో కలిసి అక్కడ ఉంటాను. గేటు దగ్గర కాపలావాళ్ళని నా పేరు కొట్టి చూసుకోమను.

ఇట్లు,
నీ సంగతులన్నీ ఎప్పుడూ పట్టించుకున్న
మీ నాన్న